సిరిమాను రీల్‌ని మెషిన్ ఎందుకు నమిలింది: ఒక 8 ఎం.ఎం. ప్రొజెక్టర్ కేసు

విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు పాత హోమ్ మూవీ ప్రొజెక్టర్‌నీ, సంచి నిండా రీళ్లనీ పట్టుకుని, పాత ప్రొజెక్టర్లు బాగుచేసే నా దగ్గరికి వచ్చారు. ఆయన నాన్నగారు బొబ్బిలిలో డాక్టరు. 1960ల్లో 8 ఎం.ఎం. కెమెరా కొని ఇంట్లో పెళ్లిళ్లు, పండగలు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం (పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటే ఊరేగించే పండగ) తీశారు. తర్వాత అమెరికా వెళ్లిన చిన్నాన్నగారు అక్కడి నుంచి ఈ ప్రొజెక్టర్ పంపించారు. చాలా ఏళ్లు అది అటక మీద ఉండిపోయింది. మొన్న సిరిమాను పండక్కి పిల్లలంతా ఊరొచ్చారు కదా అని దించి, హాల్లో తెల్ల దుప్పటి కట్టి నడిపారు.

మొదటి రీల్‌లో తెల్ల లీడర్, అంటే బొమ్మకి ముందు అతికించే ఉత్త ఫిలిం, చక్కగా నడిచింది. బొమ్మ రాగానే ఎగరడం మొదలైంది, టకటకమని చప్పుడు, ఆపేలోపు ఫిలిం తెగింది. రెండో రీల్ చివరిదాకా నడిచింది గానీ బొమ్మ మధ్యలో నిలువుగా నీలం గీత. మూడో రీల్ విప్పబోతే పొరలు అంటుకుని ఉన్నాయని వదిలేశారు.

"మెషిన్ ఫిలింని నమిలేస్తోంది బాబూ. ఏదో బిగించి ఇచ్చేస్తే మిగిలిన రీళ్లు ఇంటి దగ్గర మేమే చూసుకుంటాం" అన్నారు మాస్టారు.

"మెషిన్ తర్వాత చూద్దాం మాస్టారూ. ముందు తెగిన ఫిలిం ఇవ్వండి" అన్నాను.

ఇలాంటి కేసుల్లో నేను గట్టిగా పట్టుకునే పద్ధతి ఇదే. ప్రొజెక్టర్‌ని విప్పితే మనకి కనిపించేవి అరిగిన భాగాలు. యాభై ఏళ్ల మెషిన్‌లో అరగనిది ఏముంటుంది? వాటిలో ఏది ఫిలింని పాడుచేసిందో చెప్పగలిగేది ఫిలిమే. ఎక్కడ, ఎంత దూరానికొకసారి, ఏ వైపు దెబ్బ తగిలిందో అది రాసి పెట్టుకుంటుంది. మెషిన్ తుడిచేసి, నూనె వేసేసి, ఆ తర్వాత ఫిలిం చూస్తే సగం సాక్ష్యం పోయినట్టే.

మొదటి రీల్

ల్యాప్‌టాప్ స్క్రీన్ తెల్లగా పెట్టుకుని దాని మీద గాజు పలక, పైన ఫిలిం, చేతిలో పదిరెట్ల భూతద్దం. నూలు గ్లౌజులు తప్పనిసరి.

తెల్ల లీడర్ మీద ఒక్క దెబ్బ కూడా లేదు. లీడర్‌కీ అసలు ఫిలింకీ మధ్య టేపు జాయింట్ ఉంది. సరిగ్గా ఆ జాయింట్ దాటిన దగ్గర నుంచే గాయాలు మొదలయ్యాయి. భూతద్దం అటూ ఇటూ జరిపి చూస్తే కారణం అక్కడే తెలిసిపోయింది. లీడర్ సూపర్ 8. లోపలి ఫిలిం రెగ్యులర్ 8.

చూసేవాళ్లకి ఈ రెండూ ఒకేలా ఉంటాయి. వెడల్పు రెండిటికీ 8 ఎం.ఎం.లే. రెగ్యులర్ 8ని కొడాక్ 1932లో తెచ్చింది, సూపర్ 8ని 1965లో. సూపర్ 8లో అంచు కన్నం సన్నగా ఉంటుంది, ఫ్రేము మధ్యకి ఎదురుగా వస్తుంది. రెగ్యులర్ 8లో కన్నం వెడల్పు, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర వస్తుంది. కన్నానికీ కన్నానికీ దూరం రెగ్యులర్ 8లో 3.81 ఎం.ఎం., సూపర్ 8లో 4.23 ఎం.ఎం. రీల్ చూసి కూడా పోల్చొచ్చు: మధ్య బెజ్జం చిటికెన వేలు పట్టనంత చిన్నదైతే రెగ్యులర్ 8, అర అంగుళం ఉంటే సూపర్ 8. కానీ ఈ ఫిలింని ఎవరో ఎప్పుడో సూపర్ 8 రీల్‌లోకి చుట్టి, సూపర్ 8 లీడర్ అతికించారు. ఇంట్లోవాళ్లు రీల్ చూసి, లీడర్ చూసి, మెషిన్‌ని సూపర్ 8 మీద పెట్టారు. ఎవరైనా అలాగే పెడతారు.

మెషిన్ రెండు రకాల ఫిలింనీ నడిపే డ్యూయల్ 8. పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని బట్టి, ఫిలింని కిందికి లాగే చిన్న కొక్కెం, అంటే క్లా, ఎంత దూరం లాగాలో మారుతుంది. మీట సూపర్ 8 మీద ఉంటే క్లా ప్రతిసారీ 4.23 లాగుతుంది. ఫిలింలో కన్నాలేమో 3.81కి ఒకటి. రెండో సారికే క్లా కన్నంలో కాకుండా దాని అంచు మీద పడుతుంది, మూడోసారి ఇంకాస్త పక్కకి.

తొమ్మిది సూపర్ 8 లాగుళ్లు, పది రెగ్యులర్ 8 లాగుళ్లు లెక్క వేయండి. రెండూ 38.1 ఎం.ఎం. దగ్గర కలుస్తాయి. అంటే రెగ్యులర్ 8 ఫిలింలో దాదాపు ప్రతి పదో కన్నం దగ్గర క్లా మళ్లీ సరిగ్గా కన్నంలో పడాలి. మాస్టారి ఫిలింలో అదే కనిపించింది. కొన్ని కన్నాల అంచులు నలిగి, మూలల్లో చీలి, తర్వాత కన్నాల మధ్య ఉత్త ఫిలిం మీద గుచ్చిన గుంటలు, ఆ తర్వాత ఒక కన్నం శుభ్రంగా. మళ్లీ అదే వరస. మెషిన్ అరిగిపోయి చేసే పాడు ఇలా లెక్క ప్రకారం ఉండదు. ఇలాంటి వరస కనిపిస్తే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మీట ఎక్కడుందో చూడాలి.

పాడైంది రెండడుగులు. రెగ్యులర్ 8లో అడుక్కి 80 ఫ్రేములు, కాబట్టి 160 ఫ్రేములు, సెకనుకి 16 ఫ్రేముల వేగంతో 10 సెకన్ల బొమ్మ. ఆ పది సెకన్లలో ఏముందో చెప్పాలి. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం, వాళ్ల తలల మీదుగా వంగి వస్తున్న సిరిమాను, చివర కూర్చున్న పూజారి, ముందు పాలధార బృందం. నలుపు తెలుపు. నలిగింది కన్నాల వైపు అంచు కాబట్టి బొమ్మ చాలావరకు బతికింది. ఒక్క చోట మాత్రం చీలిక ఫ్రేములోకి వచ్చింది.

రెండో రీల్

ఇది నిజంగానే సూపర్ 8. 1970ల నాటి కలర్ ఫిలిం, ఇంట్లో పెళ్లి. దీనికి రెండు బాధలు. నీలం గీత ఒకటి. కన్నాల మూలల్లో కాకి కాలు ఆకారంలో సన్న చీలికలు ఇంకొకటి. ఈ రెండిటికీ కారణాలు వేరు. ఒకే కారణం కోసం వెతికితే దారి తప్పుతాం.

ముందు గీత. ఫిలింకి ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక. మసకగా ఉన్నది ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పొర. మెరిసేది బేస్. బేస్ మీద గీత పడితే వెలుతురు చెదిరి తెర మీద నల్లగా కనిపిస్తుంది. కెమెరాలోంచి నేరుగా వచ్చిన కలర్ ఫిలింలో ఎమల్షన్ మీద గీత పడితే పైనున్న పసుపు పొర ముందు పోతుంది, అందుకే నీలంగా కనిపిస్తుంది. ఇంకా లోతైతే పొరలన్నీ పోయి తెల్లగా వస్తుంది. మనది నీలం. అంటే ఎమల్షన్ వైపు, మరీ లోతు లేని గీత. కెమెరా ఫిలింని ప్రొజెక్టర్‌లో పెట్టినప్పుడు ఎమల్షన్ లెన్సు వైపు ఉంటుంది. కాబట్టి దోషి లెన్సు వైపు భాగాల్లో ఉండాలి. మెషిన్ ముట్టుకోకముందే వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది.

తర్వాత చీలికలు. రీల్ మొదట్లో ఎక్కువ, మధ్యకి వచ్చేసరికి తక్కువ, చివర్లో దాదాపు లేవు. ఇది చాలా పనికొచ్చే గుర్తు. కింద ఫిలింని చుట్టుకునే టేకప్ రీల్ మొదట్లో ఖాళీగా ఉంటుంది, చుట్టు చిన్నది. తిప్పే బలం ఒకటే అయినప్పుడు చుట్టు ఎంత చిన్నదైతే ఫిలిం మీద లాగుడు అంత ఎక్కువ. రీల్ నిండే కొద్దీ లాగుడు తగ్గుతుంది. కాబట్టి దెబ్బలు మొదట్లో ఎక్కువుంటే టేకప్ వైపు అనుమానించాలి. చివరికి పెరుగుతుంటే పైనున్న ఫీడ్ రీల్ బిగుసుకుందేమో చూడాలి, ఎందుకంటే చివర్లో చిన్నదయ్యేది ఆ చుట్టు.

8 ఎం.ఎం. ఎందుకింత సున్నితమో ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో సినిమా హాళ్లలో పనిచేసిన పాత ఆపరేటర్లు ఈ చిన్న మెషిన్లని కూడా బాగుచేస్తారు, మంచి పనివాళ్లు. కానీ 35 ఎం.ఎం. ఫిలింకి రెండు అంచులా కన్నాలుంటాయి, హాలు ప్రొజెక్టర్‌లో పళ్ల చక్రం ఒకేసారి చాలా కన్నాలని పట్టుకుని లాగుతుంది. 8 ఎం.ఎం.కి ఒక్క అంచునే కన్నాలు. చాలా మెషిన్లలో క్లాకి ఒక్కటే ముక్కు. సెకనుకి పద్దెనిమిది సార్లు మొత్తం భారం ఒక్క కన్నం అంచు మీద పడుతుంది. 35 ఎం.ఎం. ఓర్చుకునే బిగింపు ఇది ఓర్చుకోలేదు.

మెషిన్ దగ్గరికి

ముందు కరెంటు. ఇది అమెరికా కోసం చేసిన మెషిన్, 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇంట్లో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడుపుతున్నారు. వోల్టేజ్ సరిపోయింది. హెర్ట్జ్‌ని మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మార్చలేదు, మనకి వచ్చేది 50. ఇందులో ఉన్నది ఇండక్షన్ మోటార్, దాని వేగం హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది. ఆరింట అయిదు వంతుల వేగమే వస్తుంది. సెకనుకి 18 ఫ్రేములు నడవాల్సింది 15 నడుస్తుంది, మినుకు కూడా పెరుగుతుంది. దీనివల్ల ఫిలిం పాడవదు. కానీ కథ ఇక్కడే అడ్డదారి పట్టినట్టుంది. మెషిన్ నీరసంగా నడుస్తోందని వెనకటికి ఎవరో మెకానిక్‌కి చూపించారట. ఆయన బెల్ట్ జారుతోందనుకుని టేకప్ బెల్ట్ మార్చాడు.

ఆ టేకప్‌కి ఉండాల్సింది సన్న స్ప్రింగు బెల్ట్. స్టీలు తీగని చుట్టి చేసినది. అది కొంచెం జారాలి. ఈ మెషిన్‌లో వేరే క్లచ్ లేదు, ఆ జారుడే క్లచ్. దాని బదులు బిగుతైన రబ్బరు రింగు పెట్టారు. రీల్‌ని వేలితో ఆపితే తేలిగ్గా ఆగాలి, ఇక్కడ మోటార్ చప్పుడే మారిపోయింది. పైగా ఈ మెషిన్‌లో గేట్, అంటే ఫ్రేము ఆగి వెలుతురు పడే చోటు, దాని కింద పళ్ల చక్రం లేదు, రోలర్లే. టేకప్ ఎంత లాగితే అంతా గేట్‌లో ఉన్న ఫిలిం దాకా వస్తుంది. కింద ఉండాల్సిన లూప్, అంటే ఫిలిం వదులుగా వంగి ఉండే మలుపు, బిగిసిపోతుంది. గేట్‌లో ఫిలిం ఆగి ఆగి నడుస్తుంది, రీల్ ఆగకుండా తిరుగుతుంది. ఈ రెండిటి మధ్య తేడాని మింగేది ఆ లూప్. అది పోతే కుదుపంతా కన్నం మీదే.

లెన్సు తీసి, టార్చి వేసి, మోటార్ ఇరుసుని చేత్తో మెల్లగా తిప్పుతూ క్లా చూశాను. ముక్కు కింది భాగంలో చిన్న గాడి. ఏళ్ల తరబడి ఫిలిం అంచు ఒరిపిడికి స్టీలు అరిగింది. కిందికి లాగేటప్పుడు దీనివల్ల నష్టం లేదు. వెనక్కి వచ్చేటప్పుడే ప్రమాదం. కన్నం అంచు ఆ గాడిలో చిక్కుకుని, క్లా దాన్ని కొంచెం పీకి వదులుతుంది. మూలలో కాకి కాలు చీలిక పుట్టేది అక్కడ. బిగుతు బెల్ట్ ఒక్కటే ఉంటే ఇన్ని చీలికలు రావు, గాడి ఒక్కటే ఉన్నా రావు. రెండూ కలిశాయి.

ఇక నీలం గీత. దీనికి పనికిరాని ఫిలిం ముక్క కావాలి. నా దగ్గర నల్ల లీడర్ ఉంటుంది, గీత పడితే వెంటనే తెలుస్తుంది. మెషిన్‌లో పెట్టి కొంచెం నడిపి, ఆపి, ఫిలిం కదపకుండా గేట్ పైన, గేట్ కిటికీ దగ్గర, గేట్ కింద, రోలర్ దగ్గర మార్కర్‌తో చుక్కలు పెట్టాలి. తర్వాత బయటికి తీసి భూతద్దంతో చూస్తే గీత ఏ రెండు చుక్కల మధ్య మొదలైందో తెలుస్తుంది. ఇక్కడ కిటికీకి కాస్త పైన. ఆ ప్లేటు మధ్య భాగం లోతుగా చేసి ఉంటుంది, బొమ్మకి లోహం తగలకూడదని. ఫిలిం అంచులు మాత్రమే ఆనాలి. ఆ లోతులో ఆవగింజంత కూడా లేని గోధుమ రంగు గడ్డ. పాత ఎమల్షన్ పొడి, దుమ్ము, నూనె కలిసి గేట్ వేడికి రాయిలా గట్టిపడింది.

దాన్ని ఇనుముతో గీకకూడదు. వెదురు పుల్ల చివర చెక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, నానబెట్టి నానబెట్టి తీశాను. తర్వాత చెవిపుల్ల దూదిని ప్లేటు మీద పై నుంచి కిందికి జరపాలి. కంటికి కనిపించని గరుకు ఎక్కడున్నా దూది పోగు చిక్కుకుంటుంది. ఎక్కడా చిక్కుకోలేదు, కాబట్టి ప్లేటు పాలిష్ చేయాల్సిన పని రాలేదు.

క్లాని నున్నటి రాయి మీద రుద్ది గాడి తీసేయొచ్చు. గాడి లోతు తక్కువైతే చాలామంది అలాగే చేస్తారు. అలా చేస్తే ముక్కు సన్నబడి, ఫ్రేము ఆగే చోటు కూడా కొంచెం మారుతుంది. ఇదే రకం పాడైన మెషిన్ ఒకటి నా దగ్గర ఉంది కాబట్టి దాని క్లా వేశాను. స్ప్రింగు బెల్ట్ కూడా దాన్నుంచే వచ్చింది. మోటార్ కప్పీకి రెండు మెట్లున్నాయి, ఒకటి 60కి, ఒకటి 50కి. మెయిన్ బెల్ట్‌ని 50 మెట్టు మీదికి మార్చితే వేగం సరిపోయింది. పాత గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటే అంతా తుడిచి కొత్తది పల్చగా రాశాను. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె వేయొద్దని మాస్టారికి గట్టిగా చెప్పాను. చలికాలంలో పేరుకుంటుంది, ఫిలిం మీదికి చిందితే దుమ్ముని పట్టేస్తుంది.

మెషిన్ బాగైంది, మరి ఫిలిం?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కొత్త ఫిలిం చక్కగా నడిస్తే మెషిన్ బాగైందనుకుంటారు. పాత ఫిలిం బేస్ అసిటేట్ అనే ప్లాస్టిక్, అది కుంచించుకుపోతుంది. కన్నాలు దగ్గరికొస్తాయి, క్లా మాత్రం పాత లెక్కనే లాగుతుంది. ఎంత కుంచించుకుందో కొలవడానికి స్కేలు చాలు. నూరు కన్నాల దూరం కొలవండి. రెగ్యులర్ 8 అయితే 381 ఎం.ఎం. ఉండాలి, సూపర్ 8 అయితే 423. పెళ్లి రీల్ 421న్నర వచ్చింది, నూటికి అర పాలు కూడా తగ్గలేదు. సిరిమాను రీల్ 377. నూటికి ఒక పాలు దాటింది. ఒకటి దాటితే మామూలు ప్రొజెక్టర్‌లో పెట్టను. మీట సరైన చోట ఉన్నా, క్లా కొత్తదైనా, ఆ ఫిలిం కన్నాలకి అది దెబ్బే.

మాస్టారికి ఇది నచ్చలేదు. "నాన్న తీసింది నాన్న మెషిన్‌లోనే చూడాలని ఉంది బాబూ, ఒక్కసారి" అన్నారు. ఆ కోరిక నాకు అర్థమైంది. అయినా కాదన్నాను. ఒక్కసారి నడిపితే ఈసారి పోయేది పది సెకన్లే అని నేను మాట ఇవ్వలేను. ఆ రోజు ఊళ్లో సిరిమాను ఎలా ఊరేగిందో చూపించే బొమ్మ ఆ ఇంట్లో అదొక్కటే. సూపర్ 8 లీడర్ తీసేసి, రెగ్యులర్ 8 లీడర్ అతికించి, చీలిన కన్నాలకి కన్నాలున్న జాయింట్ టేపు రెండు వైపులా వేసి, పళ్ల చక్రాలు లేకుండా రోలర్ల మీద నడిచే స్కానర్ ఉన్న ల్యాబ్‌కి పంపించాం. అక్కడ క్లా లేదు, కన్నం మీద భారం లేదు. ఫ్రేములోకి వచ్చిన చీలిక కూడా స్కాన్‌లో సన్న గీతగానే కనిపించింది.

పెళ్లి రీల్‌ని ముందు నల్ల లీడర్ నడిపి, గీత లేదని చూసుకుని, తర్వాత చీలికలకి టేపు వేసి, మాస్టారి ముందే నడిపాను. లూప్ నిలిచింది. నీలం గీత మాత్రం అలాగే ఉంటుంది. బేస్ మీద గీత అయితే, బేస్ లాగే వెలుతురుని వంచే ద్రవంలో ముంచి స్కాన్ చేసే పద్ధతి ఉంది, గీత మాయమవుతుంది. ఎమల్షన్ మీద గీత అంటే అక్కడ బొమ్మే లేదు. కంప్యూటర్‌లో పూడ్చడం ఒక్కటే దారి.

మూడో రీల్ వేరే సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి వాళ్లింట్లో నీళ్లు చేరి ట్రంకు పెట్టె అడుగు తడిసింది. ఈ రీల్ అడుగున ఉంది. విప్పగానే వెనిగర్ వాసన, అంచుల మీద బూజు. అసిటేట్ విరిగి ఎసిటిక్ ఆమ్లం వస్తోంది, ఆ ఆమ్లమే విరగడాన్ని ఇంకా వేగంగా చేస్తుంది, పక్కనున్న రీళ్లకి కూడా ఆ ఆవిరి మంచిది కాదు. మన తీరం వేడి, తేమ దానికి బలం. దాన్ని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరు చేసి, మూత బిగించని డబ్బాలో పెట్టాను. బూజుని నీళ్లతో గానీ తడిగుడ్డతో గానీ తుడవకూడదు. బూజు తిన్న చోట బొమ్మని పట్టి ఉంచే జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది, బొమ్మ గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. పొరలు బలవంతంగా విడదీయలేదు. ఆ రీల్‌ని అలాగే ల్యాబ్‌కి ఇచ్చాం. అందులో ఎంత బయటికి వస్తుందో వాళ్లు విప్పాకే తెలుస్తుంది.

మిగిలిన రీళ్లన్నిటినీ కొలిచి, ప్రతి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రెగ్యులర్ 8 లేదా సూపర్ 8 అని, కొలత ఎంతో, నడపొచ్చో లేదో రాసి ఇచ్చాను. మెషిన్ మీట పక్కన కూడా ఒక చీటీ అంటించాను. ట్రంకు పెట్టె వద్దని, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాల్లో, మేడ మీద గదిలో కాకుండా కింద చల్లటి గదిలో, నేలకి అడుగెత్తున పెట్టమని చెప్పాను. స్ప్రింగు బెల్ట్ ఇంకోటి దొరికితే పక్కన ఉంచుకోవాలి. రబ్బరు రింగు మళ్లీ వేయకూడదు.